తొడ పక్కన మంట, ఎమ్మారైలో డిస్కు: ఒక మెరాల్జియా పరెస్తెటికా కేసు

ఆయన గదిలోకి వస్తూనే ఎమ్మారై కవరు బల్ల మీద పెట్టి, నేను చెప్పకముందే కుర్చీలో కూర్చున్నారు. కూర్చున్న నిమిషానికి ముఖం కాస్త తెరిపిన పడింది. ఆ సంగతి నేను అప్పుడు పట్టించుకోలేదు. డిస్కు నొప్పి ఉన్నవాళ్లు చాలామంది కూర్చోవడానికే భయపడతారు. ఈయన ఎప్పుడెప్పుడు కూర్చుందామా అన్నట్టు కూర్చున్నారు. తర్వాత నోట్సు తిరగేస్తే, కేసులో సగం ఆ కుర్చీ దగ్గరే ఉందని అర్థమైంది.

నేను ఫిజియోథెరపిస్టుని. ఈ కేసు రాయడానికి ఆయన ఒప్పుకున్నారు. గుర్తుపట్టే వివరాలు మార్చాను. వయసు 44. ఇరవై ఏళ్లుగా ఎలక్ట్రీషియన్ పని. ఏడు నెలలుగా కుడి తొడ బయటి వైపు మంట, తిమ్మిరి. ఎమ్మారైలో ఎల్4-ఎల్5 దగ్గర (నడుము భాగంలో నాలుగు, ఐదు పూసల మధ్య) డిస్కు బల్జ్, అంటే డిస్కు కాస్త ఉబ్బి ఉంది, అని రాసి ఉంది. దాంతో ఇది నడుము జబ్బేనని తేల్చేశారు. రెండు నెలలు విశ్రాంతి, ట్రాక్షన్, నొప్పి మాత్రలు, నడుముకి బిగించే వెడల్పాటి బెల్టు, అన్నీ అయ్యాయి. మంట తగ్గలేదు. ఆ బెల్టు పెట్టుకున్న రోజుల్లో ఇంకా పెరిగిందట. "సరిగ్గా బిగించుకోవట్లేదేమో" అని ఎవరో అంటే మరో రంధ్రం బిగించారట. కదలడం మానేయడంతో 9 కిలోల బరువు పెరిగారు.

అన్నిటికన్నా ఆయన్ని తినేస్తున్నది భయం. కవరు నా వైపు జరిపి, గొంతు తగ్గించి అడిగారు. "నిజం చెప్పండి మేడమ్, కాలు పడిపోతుందా? నిచ్చెనెక్కే పని నాది. కాలు మీద నమ్మకం పోతే నేను చేసేదేముంది?"

ఎమ్మారై నేను అప్పుడే తెరవలేదు. ముందు మనిషి చెప్పేది పూర్తిగా వినాలి, ఒళ్లు చూడాలి, బొమ్మ ఆ తర్వాతే. దీని మీద నాకు గట్టి పట్టింపు ఉంది. బొమ్మ ముందు చూస్తే అందులో ఉన్నదాన్నే ఒంట్లో వెతుకుతాం.

మంట తీరు

ఆయన మాటల్లోనే: "ప్యాంటు గుడ్డ రాసుకున్నా కారం పూసినట్టు మండుతుంది. గట్టిగా అరచేత్తో నొక్కితే మాత్రం అంత ఉండదు. స్నానం చేసేటప్పుడు వేడినీళ్లు పడితే ఆ చోట నీళ్లు తగిలినట్టే ఉండదు, ఏదో అట్ట మీద పడినట్టు ఉంటుంది."

ఒకే చోట మొద్దుబారడమూ, ముట్టుకుంటే మండడమూ రెండూ ఎలా ఉంటాయని చాలామంది తికమకపడతారు. ఇంట్లోవాళ్లు నమ్మరు కూడా. నరం దెబ్బతిన్నప్పుడు జరిగేది ఇదే. స్పర్శని మోసుకెళ్లాల్సిన తీగలు కొన్ని పని మానేస్తాయి, కాబట్టి మొద్దు. మిగిలిన తీగలు అవసరం లేకపోయినా సంకేతాలు పంపుతూ ఉంటాయి, కాబట్టి మంట. గుడ్డ తగలడం లాంటి మామూలు స్పర్శ కూడా నొప్పిగా మారిపోతుంది. దీన్ని ఆయనకి వివరంగా చెప్పాను. ఏడు నెలల్లో తన బాధ కల్పితం కాదని చెప్పినవాళ్లు అప్పటిదాకా లేరట.

ఎప్పుడు పెరుగుతుంది, ఎప్పుడు తగ్గుతుంది అని అడిగాను. పదిహేను నిమిషాలు నిలబడితే మొదలవుతుంది. పెద్ద పెద్ద అంగలు వేసి నడిస్తే ఇంకా ఎక్కువ. కూర్చుంటే ఐదు నిమిషాల్లో సగానికి తగ్గుతుంది. రాత్రి వెల్లకిలా కాళ్లు చాపుకుని పడుకుంటే నిద్ర పట్టదు, మోకాళ్ల కింద దిండు పెట్టుకుంటే పడుతుంది. దగ్గినా తుమ్మినా తేడా లేదు. మూత్రం, విరేచనం మామూలే. కాలు తడబడటం, మోకాలు ఒరిగిపోవడం లేవు. మంట మోకాలు దాటి కిందికి ఒక్కసారి కూడా వెళ్లలేదు.

ఈ ఆఖరి మాట దగ్గర నేను ఆగాను. ఎల్4-ఎల్5 మధ్య డిస్కు జారితే మామూలుగా నొక్కుకునేది ఎల్5 నరం వేరు. ఆ నొప్పి పిర్ర నుంచి దిగి, మోకాలు దాటి, పిక్క బయటి వైపుగా పాదం పైకి, బొటనవేలి దాకా పోతుంది. తొడ పక్కన అరచేతి వెడల్పులో మొదలై అక్కడే ఆగిపోయే మంటకీ ఆ డిస్కుకీ పొంతన లేదు.

పెన్ను ఆయన చేతికిచ్చాను

ఇలాంటి కేసుల్లో నేను చర్మం మీద రాసే మార్కర్ పెన్ను పేషెంట్ చేతికిస్తాను. "ఎక్కడ" అని అడిగితే అందరూ అరచేత్తో తొడ మొత్తం రుద్ది చూపిస్తారు. పెన్ను ఇస్తే ఆలోచిస్తారు, వేలి కొసతో తడుముకుంటూ హద్దు వెతుకుతారు. ఆయన నాలుగు నిమిషాలు తీసుకుని గీశారు. తుంటి ఎముకకి ఒక జానెడు కింద మొదలైన గీత, తొడ బయటి వైపుగా దిగి, మోకాలికి మూడు వేళ్ల పైన ముగిసింది. ముందు వైపు తొడ నడిమధ్య దాకా వచ్చి ఆగింది. వెనక్కి పోలేదు. లోపలి తొడ వైపు అసలు రాలేదు. పొడవు 24 సెంటీమీటర్లు, వెడల్పు 13.

తర్వాత నేను దూదితో, సూది మొనతో పరీక్షించాను. గీత లోపల దూది తగిలితే చిరచిర, సూది గుచ్చితే మొద్దుగా తెలుస్తోంది. గీత దాటిన అర సెంటీమీటరులో అంతా మామూలు. హద్దు అంత స్పష్టంగా ఉంటే, అది వెన్ను దగ్గరి వేరు కన్నా ఒకే ఒక్క చర్మపు నరానిది అయ్యే అవకాశం ఎక్కువ. ఆయన గీసిన బొమ్మ అనాటమీ పుస్తకంలో లాటరల్ ఫెమొరల్ క్యుటేనియస్ నర్వ్ (తొడ బయటి వైపు చర్మానికి స్పర్శనిచ్చే నరం) పటానికి దాదాపు అచ్చు గుద్దినట్టు సరిపోయింది.

ఆ నరం నడిచే దారి

ఈ నరం నడుము వెన్నులో ఎల్2, ఎల్3 వేర్ల నుంచి పుడుతుంది. సోయాస్ కండరం పక్కనుంచి బయటికొచ్చి, కటి లోపలి గోడ మీద ఇలియాకస్ కండరాన్ని అడ్డంగా దాటుకుంటూ ముందుకి వస్తుంది. నడుము ముందు పక్కన చేతికి తగిలే తుంటి ఎముక మొన ఉంటుంది కదా, దాని లోపలి వైపు, సాధారణంగా ఒకటి రెండు సెంటీమీటర్ల దూరంలో, గజ్జ మీదుగా పోయే ఇంగ్వైనల్ లిగమెంట్ కింద నుంచో, దాని పోగుల మధ్య నుంచో దూరి తొడలోకి దిగుతుంది. ఇరుకు అక్కడే. పొట్ట లోపల వాలుగా వచ్చిన నరం ఆ చోట ఒక్కసారిగా కిందికి వంగాలి. పైన లిగమెంట్, పక్కన ఎముక. మనిషి నిటారుగా నిలబడి తుంటి వెనక్కి చాచినప్పుడు ఆ వంపు మీద నరం లాక్కుపోతుంది. కూర్చుంటే వదులవుతుంది. కుర్చీ కోసం ఆయన తొందరపడటానికి కారణం అది.

అందరిలోనూ దారి ఒకటే కాదు. 1997లో అచ్చయిన ఒక శవపరిశీలన అధ్యయనం ఐదు రకాల దారుల్ని గుర్తించింది. వాటిలో దాదాపు 4 శాతం మందిలో నరం ఎముక మొనకి వెనకగా, తుంటి ఎముక అంచు మీదుగానే దాటుతుంది. అంటే బెల్టు కూర్చునే చోటే నరం ఎముకకి ఆనుకుని ఉంటుంది. ఒకే బెల్టు పదిమంది కట్టుకుంటే ఒక్కరికే మంట ఎందుకొస్తుందనే ప్రశ్నకి ఇది కొంత జవాబు.

ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. ఇది స్పర్శ నరం మాత్రమే. ఒక్క కండరానికి కూడా ఇది ఆజ్ఞ తీసుకెళ్లదు. పూర్తిగా తెగిపోయినా తొడ పక్కన చర్మం మొద్దుబారుతుందే తప్ప కాలి బలం తగ్గదు. పరీక్ష పూర్తయ్యాక ఈ మాట ఆయనకి చెప్పాను. "అంటే కాలు పడిపోదా?" అని మళ్లీ అడిగారు. "ఈ నరం వల్ల పడిపోదండీ. దీనికి కాలిని కదిలించే పనే లేదు" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. ఏడు నెలల టెన్షన్ దిగడానికి ఆ మాత్రం సమయం కావాలి.

ఈ జబ్బు కొత్తదేం కాదు. 1895లో రోత్ అనే వైద్యుడు దీనికి మెరాల్జియా పరెస్తెటికా అని పేరు పెట్టారు. గ్రీకులో మెరోస్ అంటే తొడ, ఆల్గోస్ అంటే నొప్పి. అదే ఏడాది బెర్న్‌హార్ట్ కూడా దీన్ని వర్ణించారు. సిగ్మండ్ ఫ్రాయిడ్ సైతం ఆ సంవత్సరమే తన తొడలో వచ్చిన ఇదే బాధ గురించి రాశారు.

పరీక్షలో దొరికినవి

తుంటి వంచే బలం, మోకాలు చాచే బలం, తొడలు దగ్గరికి తెచ్చే బలం రెండు వైపులా సమానం. మోకాలి రిఫ్లెక్స్ రెండు వైపులా ఒకేలా ఉంది. ఈ రెండూ మామూలుగా ఉంటే ఎల్2-ఎల్3 వేరు దెబ్బతినడం, ఫెమొరల్ నరం (తొడ ముందు కండరాన్ని నడిపే నరం) జబ్బు దాదాపు పక్కకి పోతాయి. ఎందుకంటే అవి రెండూ తొడ ముందు కండరాన్ని బలహీనం చేస్తాయి. కాలు నిటారుగా ఎత్తే పరీక్షలో 80 డిగ్రీల దాకా నొప్పి లేదు. తుంటి కీలు లోపలికి తిప్పినా బాధ లేదు. తొడ పక్కన పొడుచుకొచ్చే ఎముక మీద నొక్కితే నొప్పి లేదు, కాబట్టి అక్కడి కండర బంధాల వాపు కాదు. చర్మం మీద పొక్కులు, వాటి మచ్చలు లేవు, సర్పి కాదు.

బోర్లా పడుకోబెట్టి మోకాలు వంచితే మంట కాస్త వచ్చింది. దీన్ని చూసి చాలామంది మళ్లీ నడుము వైపు పోతారు. తుంటి చాచి ఉన్నప్పుడు ఈ చర్మపు నరం కూడా లాగబడుతుంది. అందుకే ఆ ఒక్క పరీక్ష రెంటినీ విడదీయలేదు.

విడదీసినవి మరో రెండు. ఎముక మొనకి ఒక వేలెడు లోపలికి, కిందికి వేలి కొసతో తట్టాను. ఐదో దెబ్బకి "అదే, అదే" అన్నారు, మంట గీసిన గీత లోపలికంతా పాకింది. తర్వాత ఆయన్ని ఎడమ పక్కకి తిరిగి పడుకోమని, పైకి వచ్చిన కుడి తుంటి ఎముక మీద రెండు చేతులతో కిందికి నొక్కి 45 సెకన్లు పట్టుకున్నాను. ఇలా నొక్కితే ఇంగ్వైనల్ లిగమెంట్ కాస్త వదులవుతుంది. నరం ఇరుకులో ఉంటే మంట తగ్గాలి. ముప్పయ్యో సెకనుకే "చల్లబడుతోంది" అన్నారు. చేతులు తీసిన కాసేపటికి మంట తిరిగొచ్చింది. 2007లో ఈ పరీక్షని పరిశీలించిన అధ్యయనం దీనికి 95 శాతం సున్నితత్వం (జబ్బు ఉన్నవాళ్లని పట్టే శక్తి), 93.3 శాతం నిర్దిష్టత (లేనివాళ్లని లేదని తేల్చే శక్తి) ఉన్నాయని చెప్పింది. ఆ అధ్యయనం పెద్దదేమీ కాదు. అయినా, నొక్కితే నొప్పి పెరిగే పరీక్షలు వంద ఉంటే నొక్కితే తగ్గే పరీక్ష ఇదొక్కటే గుర్తొస్తుంది నాకు. పేషెంట్‌కి కూడా తన జబ్బు మీద నమ్మకం కుదిరేది దీనితోనే.

అప్పుడు ఎమ్మారై తెరిచాను. బల్జ్ ఉంది, నిజమే. కానీ నరం వేరుని నొక్కట్లేదు, పై పూసల దగ్గర ఎల్2, ఎల్3 వేర్లకి ఖాళీ బాగానే ఉంది. నొప్పే లేని మనుషుల స్కాన్లని కలిపి చూసిన 2015 నాటి సమీక్షలో 40 ఏళ్ల వాళ్లలో సగం మందికి డిస్కు బల్జ్ కనిపించింది. ఆయన డిస్కు ఆ సగం మందిలో ఒకటి. రిపోర్టులో అబద్ధం లేదు, కానీ తొడ మంటకి అది జవాబు కాదు.

ఒక పని మాత్రం డాక్టరుకి వదిలేయాల్సింది ఉంది. ఈ నరం పొట్ట లోపలి నుంచి వస్తుంది కాబట్టి అక్కడ గడ్డలున్నా నొక్కుకోవచ్చు. బరువు అకారణంగా తగ్గడం, రాత్రి జ్వరం, ఏ భంగిమలోనూ ఆగని నొప్పి లాంటివి ఈయనకి లేవు. షుగర్ ఉన్నవాళ్లలో ఈ జబ్బు ఎక్కువ. అమెరికాలోని ఓల్మ్‌స్టెడ్ కౌంటీ రికార్డుల్లో జనాభా మొత్తం మీద ఏటా లక్షకి సుమారు 33 కేసులుంటే, షుగర్ ఉన్నవాళ్లలో లక్షకి 247. అందుకే ఫిజీషియన్‌కి ఉత్తరం రాసి పంపాను. హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.1 వచ్చింది, షుగర్‌కి ముందు దశ. నరంలో సంకేతం ఎలా పోతోందో కొలిచే నరాల కండక్షన్ పరీక్ష అప్పటికి వద్దనుకున్నారు ఫిజీషియన్. ఈ నరం సన్నది, లోతు మారుతుంది, లావుగా ఉన్నవాళ్లలో మామూలు వైపు కూడా సంకేతం దొరకదు. దొరక్కపోతే జబ్బు ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు.

మొదటి పది రోజులు, నా పొరపాటు

నడుము బెల్టు ఆ రోజే తీయించాను. మోకాళ్ల కింద దిండు, పొట్టి అంగలు, నిలబడాల్సి వస్తే కుడి పాదం చిన్న పీట మీద పెట్టడం చెప్పాను. తుంటి వంగి ఉంటే నరం వదులుగా ఉంటుందన్నది సూత్రం. బెల్టు, బిగుతు బట్టలు, ప్యాంటు జేబులో ఫోను గురించి అడిగాను. "మామూలు బెల్టేనండీ" అన్నారు. వదులు చేసుకోమన్నాను.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ తుంటి ముందు కండరాలు బిగుసుకుపోయి ఉన్నాయని చూసి, ఒంటి మోకాలి మీద కూర్చుని తుంటిని ముందుకి తోసే సాగుడు వ్యాయామం ఇచ్చాను. 30 సెకన్లు, మూడుసార్లు, రోజుకి రెండు పూటలా. కండరం వదులైతే లిగమెంట్ మీద లాగుడు తగ్గుతుందని నా లెక్క.

పది రోజుల తర్వాత వచ్చారు. మొదటి రోజు పదికి 6 ఉన్న మంట 8 అయింది. రాత్రి రెండుసార్లు లేస్తున్నారు. వ్యాయామం చేసి చూపించమన్నాను. ఆయన తుంటి పూర్తిగా వెనక్కి చాచి నిల్చున్న భంగిమ చూడగానే తెలిసిపోయింది. నరం ఏ వంపు దగ్గర నలుగుతోందో సరిగ్గా ఆ వంపు మీదే రోజుకి ఆరుసార్లు లాగమని చెప్పాను నేను. నిలబడితే పెరుగుతుందని ఆయనే నాతో చెప్పారు, నేనే రాసుకున్నాను. కండరాన్ని చూస్తూ నరాన్ని మర్చిపోయాను.

"ఇది నా పొరపాటండీ. మీరు సరిగ్గానే చేశారు, చెప్పడం నాదే తప్పు" అని ఆయనతో అన్నాను. అలా చెప్పకపోతే ఆయన తన ఒంటినే అనుమానిస్తారు. ఇది చదివే ఫిజియోలకి కూడా అందుకే పూర్తిగా రాస్తున్నాను: నరం చిరచిరలాడుతున్నన్నాళ్లూ తుంటిని వెనక్కి చాచే సాగుడు వద్దు.

దాని బదులు పక్కకి తిరిగి పడుకుని, తుంటి వంచి ఉంచి, మోకాలిని మెల్లగా వంచి చాచే కదలికలు మొదలుపెట్టాం. నరాన్ని లాగకుండా అటూ ఇటూ జరిపే కదలికలివి. మంట వచ్చేలోపే ఆపాలి. వీటికి ఈ జబ్బులో బలమైన ఆధారాలు లేవు. కానీ కదలడం మానేసిన మనిషికి భయం లేకుండా కదిలే ఒక దారి కావాలి, ఆ పనికి ఇవి బాగా పనికొచ్చాయి.

ఫిజీషియన్ రాత్రిపూట నరాల నొప్పికి వాడే ప్రెగాబలిన్ 75 మిల్లీగ్రాములు రాశారు. నిద్ర పట్టింది కానీ పొద్దున తల తిరిగింది. ఎలక్ట్రీషియన్‌కి, నిచ్చెన మీద పని చేసే మనిషికి ఇది చిన్న విషయం కాదు. అదే రోజు ఫిజీషియన్‌కి ఫోన్ చేశాను. ఆయన దాన్ని ఆపి, 5 శాతం లిడోకైన్ ప్యాచ్ (చర్మానికి అంటించే మత్తుమందు పట్టీ) మార్చి రాశారు, పన్నెండు గంటలు ఉంచి పన్నెండు గంటలు తీసేసేది. మందు రాసేముందు మనిషి చేసే పనేంటో అడగాలన్నది పుస్తకాల్లో ఉంటుంది, హడావుడిలో జారిపోతుంది. అసలు ఉత్తరంలో ఆ సంగతి నేను రాసి ఉండాల్సింది.

పని నుంచి నేరుగా వచ్చిన రోజు

మూడోసారి ఆయన పని మధ్యలో వచ్చారు. మొదటి రెండుసార్లు స్నానం చేసి, ఉతికిన బట్టల్లో వచ్చారు, అందరూ వచ్చినట్టే. ఆ రోజు నడుముకి టూల్ బెల్టు ఉంది.

ఇరవై ఏళ్లుగా కట్టుకునే బెల్టు. ఆయన దృష్టిలో అది బెల్టు కాదు, పనిముట్టు. అందుకే నేను బెల్టు గురించి అడిగినప్పుడు ప్యాంటు బెల్టు గురించి చెప్పారు. విప్పించి తూకం మీద పెడితే 5 కిలోల 400 గ్రాములు. డ్రిల్లు, పటకార్లు, స్క్రూల డబ్బా అన్నీ కుడి పక్క సంచిలో. ఎడమ పక్కన టేపు చుట్ట, టెస్టరు. బెల్టు కిందికి జారకుండా గట్టిగా బిగిస్తారు. చొక్కా కాస్త ఎత్తమంటే కుడి ఎముక మొన దగ్గర, సంచి కొక్కెం ఆనే చోట, చర్మం నల్లబడి గట్టిపడి ఉంది. నేను మొదటి రోజు తట్టిన చోటుకి రెండు వేళ్ల దూరం.

ఆయన నిచ్చెన మీద ఎలా నిలబడతారో గోడకి చూపించారు. రెండు చేతులూ పైన ఖాళీగా ఉండాలి కాబట్టి తుంటిని నిచ్చెన మెట్టుకి ఆనించి నిలబడతారు. ఆ మెట్టు తగిలేది గజ్జకి. అంటే పైనుంచి బెల్టు బరువు, ముందు నుంచి మెట్టు, వెనక నుంచి తుంటి చాచిన లాగుడు. మంట మొదలైన నెల ఏంటో మళ్లీ అడిగాను. కొత్త డ్రిల్లు కొన్నది ఆ నెలకి ముందు నెలలో. పాతదాని కన్నా బరువెక్కువ.

పొట్ట పెరగడం, గర్భం, బిగుతు ప్యాంట్లు, పోలీసుల ఆయుధ బెల్టులు, తుంటి మార్పిడి ఆపరేషన్, బోర్లా పడుకోబెట్టి గంటలకొద్దీ చేసే వెన్ను ఆపరేషన్లు, ఇవన్నీ ఈ నరాన్ని నొక్కేవే. నా పేషెంట్ విషయంలో కారణం బల్ల మీద, తూకంలో కనిపించింది. దాన్ని చూడటానికి నాకు మూడు విజిట్లు పట్టాయి. ఇప్పుడు నేను "బెల్టు కట్టుకుంటారా" అని అడగట్లేదు. "పనికి వెళ్లేటప్పుడు మీ నడుముకి ఏమేం ఉంటాయి, రేపు అలాగే రండి" అంటున్నాను.

టూల్ బెల్టుకి భుజాల మీదుగా పోయే పట్టీలు వేయించారు, బరువు నడుము మీద పడకుండా. డ్రిల్లు సంచిలోంచి తీసి, నిచ్చెనకి తగిలించుకునే బకెట్లో పెట్టుకోవడం మొదలుపెట్టారు. సంచులు రెండు వైపులా సమానం చేశారు. నిచ్చెన మెట్టుకి ఆనడం మాత్రం అలవాటులోంచి పోవడానికి నెల పైనే పట్టింది. మొదట్లో రోజుకి ఎన్నిసార్లు ఆనుకున్నారో చేతి మీద గీతలు పెట్టుకునేవారు.

ఆరు వారాలకి ఆగిపోయింది

బెల్టు మార్చిన నాలుగు వారాల్లో మంట 8 నుంచి 4కి దిగింది. నిద్ర కుదిరింది. నిలబడగలిగే సమయం పదిహేను నిమిషాల నుంచి నలభైకి పెరిగింది. ఆపైన కదల్లేదు. మరో రెండు వారాలు చూసినా 4 దగ్గరే.

ఇక్కడ ఓపిక పట్టమనాలా, పైకి పంపాలా అన్నది ప్రతి ఫిజియోకీ వచ్చే సందిగ్ధం. ఈ జబ్బు చాలామందిలో దానంతటదే తగ్గుతుంది. చికిత్స లేకుండా గమనించిన ఒక చిన్న అధ్యయనంలో 29 మందిలో 20 మందికి మెరుగైంది. 2012లో కొక్రేన్ సమీక్ష (చికిత్సల మీద వచ్చిన అధ్యయనాల్ని కలిపి తూచే సంస్థది) అప్పటిదాకా వచ్చిన పరిశీలనల్ని కూడితే, ఇంజెక్షన్‌తో 157 మందిలో 130 మందికి, నరాన్ని వదులు చేసే ఆపరేషన్‌తో 300లో 264 మందికి, నరాన్ని కోసేసే ఆపరేషన్‌తో 48లో 45 మందికి మేలు జరిగింది. వినడానికి కోసేయడమే మేలనిపిస్తుంది. కానీ వీటిలో ఏదీ మనుషుల్ని యాదృచ్ఛికంగా విడదీసి పోల్చిన ట్రయల్ కాదు. పైగా నరం కోసేస్తే ఆ చర్మం శాశ్వతంగా మొద్దే. నా ఉద్దేశంలో ఇంజెక్షన్ దాకా ఆగకుండా ఆపరేషన్ మాట ఎత్తకూడదు.

ఆయన పని మానేసి కూర్చునే పరిస్థితిలో లేరు. అప్పటికే ఎనిమిది నెలలు దాటింది. పెయిన్ స్పెషలిస్టుకి పంపాను. అల్ట్రాసౌండ్‌లో కుడి నరం లిగమెంట్ దగ్గర ఉబ్బి ఉంది, అడ్డుకోత వైశాల్యం 8 చదరపు మిల్లీమీటర్లు. ఎడమ వైపు 3. సూది నరం పక్కకి వెళ్లడం తెరమీద చూస్తూ, మత్తుమందు, స్టెరాయిడ్ కలిపి ఇచ్చారు. పది నిమిషాల్లో మంట సున్నా. ఆయన గీసిన గీత లోపలంతా నిద్రపోయినట్టయింది, బయట మామూలు. ఏ నరమన్న సందేహం అంతటితో తీరిపోయింది.

మత్తు దిగాక రెండు రోజులు మంట కొద్దిగా తిరిగొచ్చి, రెండో వారానికి 1కి దిగింది.

బరువు తగ్గడం గురించి నేను ఇప్పటిదాకా ఎక్కువ రాయలేదు. బరువు ఈ జబ్బులో నిజమైన కారణం, ఆయనకి మొదటి రోజే చెప్పాను. కానీ నిలబడలేని మనిషితో "ముందు పది కిలోలు తగ్గి రండి" అనడం న్యాయం కాదు. మంట తగ్గాకే నడక మొదలైంది, పొట్టి అంగలతో పది నిమిషాల నుంచి నలభై ఐదు నిమిషాలకి. మూడు నెలల్లో 5 కిలోలు తగ్గారు. హెచ్‌బీఏ1సీ 5.8కి వచ్చింది.

ఆరో నెల

ఆరో నెల చివర్లో ఆఖరిసారి చూశాను. మంట సున్నా, ఎప్పుడైనా రోజంతా నిచ్చెన మీదే ఉంటే 1. నిలబడటానికి హద్దు లేదు. వేలితో తట్టితే ఏమీ పాకలేదు. తుంటి ముందు కండరాల సాగుడు ఇప్పుడు మెల్లగా మళ్లీ మొదలుపెట్టాం, ఇబ్బంది రాలేదు.

మొద్దుదనం పూర్తిగా పోలేదు. పెన్ను ఇచ్చాను. ఈసారి హద్దు వెతకడానికి ఆయనకి ఎక్కువసేపు పట్టింది. తొడ బయటి వైపు మధ్యలో, 7 సెంటీమీటర్ల పొడవు, 4 వెడల్పు. ఎనిమిది నెలల పైన నలిగిన నరం అది. ఆ ముక్క తిరిగి వస్తుందో రాదో ఇంకో ఏడాదికి గానీ తేలదని చెప్పాను. ఆయన ఆ చోట వేలితో రెండుసార్లు రాసుకుని చూసుకున్నారు.

"ఇది ఉన్నా పర్లేదు మేడమ్. వేడినీళ్లు పడితే వేడిగానే తెలుస్తోంది, అది చాలు" అన్నారు. లేచి, తలుపు దగ్గర వదిలిన టూల్ బెల్టు పట్టీలు భుజాలకి తగిలించుకుని పనికి వెళ్లారు. ఎమ్మారై కవరు ఆ రోజు తీసుకురాలేదు.